ఒక్క పన్ను కోసం ఆరు పళ్లు అరగదీయించుకోవాలా?

ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపురం నుంచి ఒకమ్మాయి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. పేరు వేయొద్దంది. వయసు 26. అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో చిన్న క్లాసులకు లెక్కలు చెబుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా.

ఆరో తరగతిలో ఉండగా బోరింగు కొడుతుంటే పిడి చేయి జారి ఎగిరొచ్చి పై వరస ముందు పన్నుకు తగిలింది. రక్తం కడిగి, పసుపు అద్ది ఊరుకున్నారు. ఒకటి రెండేళ్లలో ఆ పన్ను మెల్లగా బూడిద రంగుకు తిరిగింది. ప్లస్ టూ చదివేటప్పుడు దాని పైన చిగురు మీద చీము పొక్కు లేస్తే రూట్ కెనాల్ చేసి, లోపల లోహం, పైన పింగాణీ ఉండే మామూలు క్యాప్ వేశారు. దానికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. రెండు మూడేళ్లుగా చిగురు అంచున సన్నటి నల్లగీత కనిపిస్తోంది. క్యాప్ రంగు సుద్దముక్కలా ఉండి పక్క పంటితో కలవడం లేదు. ఆ పక్క పన్ను కూడా అదే దెబ్బకు మూల దగ్గర బియ్యపు గింజలో సగమంత విరిగి ఉంది కానీ నొప్పీ లేదు, రంగూ మారలేదు.

మొన్న రెండో తరగతి పిల్లాడు "గురుమా, మీ పంటికి పెన్సిల్ గీత అంటుకుంది" అని జేబులోంచి రబ్బరు తీసి ఇవ్వబోయాడట. అంతకు ముందు ఒక పెళ్లిచూపుల్లో అబ్బాయి మేనత్త అందరి ముందూ "ఒకసారి నవ్వమ్మా" అందట. ఆ సంబంధం వాళ్లు మళ్లీ కబురు పెట్టలేదు. అప్పట్నుంచి చున్నీ అడ్డం పెట్టుకోకుండా నవ్వడం లేదని రాసింది. ఇప్పుడు పార్వతీపురం వైపు నుంచి ఇంకో సంబంధం వచ్చింది, ఐదు వారాల్లో చూడ్డానికి వస్తామన్నారు. గుణుపురం డాక్టరు పాత క్యాప్ తీసి జిర్కోనియా (లోహం లేని, గట్టి తెల్లటి పింగాణీ రకం) క్యాప్ వేద్దాం, 9 వేలు, పక్క పన్నుకు కూడా వేస్తే రెండూ ఒక్కలా ఉంటాయి, మొత్తం 18 వేలు అన్నారు. విశాఖలో ఒక క్లినిక్ వాళ్లు ముందు పళ్లు ఆరూ చేసేద్దాం, 96 వేలు, నెలాఖరు లోపు అడ్వాన్స్ కడితే 78 వేలు, పది రోజుల్లో పూర్తి అన్నారు. వాళ్లు చూపించిన పంటి రంగు 'బీఎల్2', అంటే బాగా తెల్లటిది. నాన్నది చిన్న కిరాణా కొట్టు. అమ్మ తన రెండు తులాల గొలుసు కుదువ పెడదామంటోంది. ఏది చేయించుకోవాలి, జిర్కోనియా నిజంగా సొంత పన్నులా కనిపిస్తుందా, అబ్బాయి వాళ్లకు చెప్పాలా వద్దా, ఇవీ ఆమె అడిగినవి.

అమ్మా,

నాకు నీ ఈడు కూతురుంది, అందుకే 'నువ్వు' అంటున్నాను, ఏమీ అనుకోకు. రబ్బరు ఇవ్వబోయిన పిల్లాడి సంగతి చదివి కాసేపు ఉత్తరం పక్కన పెట్టేశాను. వాడు తుడిస్తే పోతుందనుకున్నాడు, ప్రేమతోనే ఇచ్చాడు. ఆ మేనత్త మాట మాత్రం నాకు చాలా బాధేసింది. సంతలో ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తారు, ఆడపిల్లను అలా చూడ్డం తప్పు, ఆ తప్పు ఆవిడది. దాన్ని తొమ్మిదేళ్ల నాటి క్యాప్ మీదకి, నీ మీదకి తెచ్చుకోకు.

నేను ఇరవై ఏళ్లకు పైగా పళ్లపనే చేస్తున్నాను కాబట్టి ముందుగా నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. విశాఖలో చెప్పిన ఆరు పళ్ల పని నీకు అవసరం లేదు. ఎందుకో చెబుతాను, మిగతా దారులూ చెబుతాను, దేని వల్ల ఏమవుతుందో కూడా చెబుతాను, నిర్ణయం మాత్రం నువ్వే తీసుకో.

అసలు ఆ నలుపు ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా ఏ క్యాప్ గురించీ మాట్లాడలేం. నీ పాత క్యాప్ లోపల లోహపు తొడుగు ఉంటుంది. లోహం నలుపు బయటికి తెలియకుండా దాని మీద ముందు మందంగా సున్నం కొట్టినట్టు ఒక తెల్ల పొర వేస్తారు, పంటి రంగు పింగాణీ దాని పైన వస్తుంది. అందుకే వెలుతురు లోపలికి దిగదు, తగిలిన చోటే వెనక్కి కొట్టేస్తుంది, నీకు సుద్దముక్కలా కనిపించేది అదే. అంచు దగ్గరకొచ్చేసరికి పింగాణీ పల్చనైపోతుంది. ఇన్నేళ్లలో చిగురు ఒక మిల్లీమీటరు పైకి జరిగినా చాలు, దాక్కున్న లోహపు అంచు బయటపడుతుంది. ఇది మామూలుగా జరిగేదే, క్యాప్ వేసిన డాక్టరు తప్పు చేశారని అనుకోనక్కర్లేదు.

కానీ ఇంకో కారణం కూడా ఉండొచ్చు, దాన్ని నీకు ఇద్దరిలో ఎవరూ చెప్పినట్టు లేదు. దెబ్బ తగిలి లోపలి నరం చచ్చిపోయిన పన్ను వేరు దాకా నల్లబడొచ్చు. చిగురు పల్చగా ఉన్నవాళ్లలో ఆ నలుపు చిగురులోంచి నీడలా కనిపిస్తుంది. లోహపు అంచు వల్ల వచ్చిన గీత కొత్త క్యాప్‌తో పోతుంది. వేరు వల్ల వచ్చిన నీడ మాత్రం 50 వేల క్యాప్ వేసినా కొంత మిగిలే ఉంటుంది. పొద్దున పూట కిటికీ దగ్గర చిన్న అద్దం పట్టుకుని పెదవి ఎత్తి చూడు. గీత పెన్సిల్‌తో గీసినట్టు పదునుగా క్యాప్ అంచు వెంటే ఉంటే ఎక్కువగా లోహం. చిగురు లోపలికి మసకగా పాకినట్టుంటే వేరు. రెండూ కలిసి ఉండటం కూడా మామూలే.

ఇంకో పని చెయ్యి. ఫోటోకు నవ్వేది వద్దు, ఎవరైనా స్నేహితురాలు నిన్ను నిజంగా నవ్విస్తుంటే పక్క నుంచి ఫోన్లో వీడియో తీయమను. మనం నవ్వినప్పుడు పై పెదవి ఎంత లేస్తుందో మనకు తెలియదు. కొందరికి చిగురు దాకా లేస్తుంది, కొందరికి పంటి సగం దగ్గరే ఆగిపోతుంది. నీ పెదవి అంత పైకి లేవకపోతే ఆ గీత నువ్వు అద్దంలో పెదవి ఎత్తి చూసుకుంటేనే ఉంది, ఎదుటివాళ్లకు లేదు. ఆ పిల్లాడు బెంచీ మీద కూర్చుని కింద నుంచి పైకి చూశాడు కాబట్టి వాడికి కనపడి ఉంటుంది. ఈ వీడియో చూశాక నీ టెన్షన్ సగం తగ్గవచ్చు, తగ్గకపోనూవచ్చు, కానీ డాక్టరుకు మాత్రం చాలా పనికొస్తుంది.

ఇక ఎక్స్‌రే. తీశారని నువ్వు రాయలేదు. ఒకప్పుడు చీము పట్టిన పన్ను అది. వేరు చివర ఎముకలో నల్లమచ్చ మిగిలి ఉంటే ముందు రూట్ కెనాల్ మళ్లీ చేయాలి, అప్పుడే పైన కొత్త క్యాప్. లేకపోతే కొత్త క్యాప్ వేసిన ఏడాదికి పొక్కు మళ్లీ లేస్తే, ఆ క్యాప్‌కే వెనక నుంచి కన్నం పెట్టాల్సి వస్తుంది. లోపల లోహపు పోస్ట్, అంటే వేరులోకి దించే చిన్న మేకు లాంటిది, ఉందో లేదో కూడా ఎక్స్‌రేలో తెలుస్తుంది. నువ్వు పెట్టే ఖర్చు మొత్తంలో అతి చిన్న ఖర్చు ఇదే, అన్నిటికంటే ముందు పెట్టాల్సిందీ ఇదే.

ఇప్పుడు నువ్వు అడిగిన అసలు ప్రశ్న, సొంత పన్నులా కనిపిస్తుందా అని. కనిపించేలా చేయొచ్చు, కానీ అది క్యాప్ పేరులో ఉండదు.

విరిగిన మూల ఉన్న ఆ పక్క పన్ను ఉంది కదా, దాన్ని అదే కిటికీ వెలుతురులో తీరిగ్గా చూడు. చిగురు దగ్గర కాస్త పసుపు, నడుమ తేటగా, కింది అంచుకు వచ్చేసరికి గాజు ముక్కలా, నీలమో బూడిదో తెలియని రంగు. నోరు కొంచెం తెరిస్తే ఆ అంచులోంచి వెనక చీకటి తెలుస్తుంది. పైన నిలువుగా రెండు సన్నటి లోతులు, అడ్డంగా వేలిముద్రల్లాంటి గీతలు, వెలుతురు వాటి మీద పడి ముక్కలుముక్కలుగా మెరుస్తుంది. ఒక్క పంటిలో ఇన్ని ఉన్నాయి. ల్యాబ్‌లో టెక్నీషియన్ ఇవన్నీ చూసి, పొర మీద పొర వేసి, కాల్చి, మళ్లీ చూసి చేస్తేనే పక్కన పెట్టినప్పుడు కలిసిపోతుంది. ఒకే రంగు దిమ్మను మిషన్‌లో చెక్కి మెరుగు పెట్టి ఇచ్చేస్తే అది ఎంత మంచి జిర్కోనియా అయినా ముందు పంటి చోట బొత్తాములా కనిపిస్తుంది.

అందుకే ఆ 'బీఎల్2' సంగతి చెబుతున్నాను. డాక్టర్లు పంటి రంగు చూసే పట్టీలో, అందరూ వాడే పాత దాంట్లో, 16 రంగులుంటాయి, ఏ1 నుంచి డీ4 వరకు. 'బీఎల్' రంగులు ఆ పదహారులో లేవు, మందు పెట్టి తెల్లబరిచిన పళ్ల కోసం తర్వాత వచ్చినవి. అంత తెల్లటివి ఆరు వేస్తే వాటి పక్కన ఉన్న నీ సొంత పళ్లు, కింది వరస మొత్తం, ఒక్కసారిగా పచ్చగా కనిపిస్తాయి. అప్పుడు అవి కూడా చేయించుకోమంటారు. మనవాళ్ల ముఖఛాయకు కొంచెం పసుపు కలిసిన పన్నే అందం, ఇది నా ఇష్టం అనుకున్నా సరే, నేను చూసిన మంచి పనులన్నీ అలాగే ఉన్నాయి.

జిర్కోనియా, ఈ-మ్యాక్స్ అని రెండు పేర్లు వింటావు, రెండూ లోహం లేని క్యాప్ రకాలే. బలం కొలిస్తే పాత తరహా జిర్కోనియా 1000 మెగాపాస్కల్స్ దాటుతుంది, ఈ-మ్యాక్స్ రకం 400 దగ్గర ఉంటుంది. ముందు పళ్లకు ఆ 400 సరిపోతుంది. ఈ-మ్యాక్స్‌లో వెలుతురు బాగా దిగుతుంది, అందుకే అందంగా ఉంటుందని చెబుతారు, నిజమే. కానీ నీ విషయంలో చిక్కు ఏమిటంటే, వెలుతురు లోపలికి దిగితే లోపలున్న నల్లటి మొదలు కూడా బయటికి తెలుస్తుంది. కాబట్టి నీ పంటికి లోపలి నలుపును ఆపే పొర ఒకటి కావాలి, దాని పైన వెలుతురు పట్టే పొర ఇంకొకటి కావాలి. లోపల పల్చటి జిర్కోనియా తొడుగు, పైన చేత్తో పేర్చిన పింగాణీ, ఇది ఒక పద్ధతి. వెలుతురు తక్కువ దిగే రకం ఈ-మ్యాక్స్ లోపల పెట్టి పైన పొరలు వేయడం ఇంకో పద్ధతి. మీ డాక్టరు జిర్కోనియా అన్నారంటే తప్పేమీ లేదు. 'ఒకే దిమ్మా, పైన పింగాణీ పొరలు వేసిందా' అని అడుగు. పొరలు వేసిన దానిలో పైపొర ఎప్పుడైనా చిట్లే అవకాశం కొంచెం ఎక్కువ, అది కూడా తెలిసే ఉండాలి.

క్యాప్ తీశాక లోపలి పన్ను మరీ నల్లగా ఉంటే, రూట్ కెనాల్ బాగుండి లోహపు పోస్ట్ లేకపోతే, వెనక వైపు నుంచి పంటి లోపల మందు పెట్టి కొన్ని వారాల్లో దాన్ని తెల్లబరచొచ్చు. అప్పుడు పైన క్యాప్ పని చాలా సులువవుతుంది. లోహపు పోస్ట్ ఉంటే దాన్ని తీసి పంటి రంగు ఫైబర్ పోస్ట్ పెట్టాలని ఎవరైనా చెప్పొచ్చు. గట్టిగా బిగిసిన పోస్ట్‌ను తీస్తుంటే వేరు పగలొచ్చు. వేరు పగిలితే పన్ను తీసేయడమే. కాబట్టి ఆ మాట వస్తే, ఎంత కష్టంగా ఉంటుంది, తీయకుండా ఎలా కప్పొచ్చు అని అడగకుండా ఒప్పుకోవద్దు.

ఇక దారుల సంగతి. పాడైన ఒక్క పన్నుకే కొత్త క్యాప్ వేయించి, పక్క పంటి విరిగిన మూలను పంటి రంగు ఫిల్లింగు ముద్ద అయిన కాంపోజిట్‌తో నింపించుకోవడం నేనైతే ముందు ఆలోచించే దారి. ఆ మూల పని ఒక్క పూటలో అయిపోతుంది, మంచి పంటిని దాదాపు అరగదీయక్కర్లేదు. టీకీ పసుపుకీ అది కొన్నేళ్లకు రంగు తిరుగుతుంది, మళ్లీ మెరుగు పెట్టించుకోవాలి లేదా మార్చాలి. అయితే దాచకుండా చెబుతాను, ముందు రెండు పళ్లలో ఒక్కటే క్యాప్ వేసి రెండోదానితో కలపడం మా పనిలో అన్నిటికంటే కష్టమైనది. ఎంత మంచి చేయి అయినా మొదటిసారికే కలవకపోవచ్చు, ఒకటి రెండు సార్లు ల్యాబ్‌కు వెనక్కి పంపాల్సి రావచ్చు, చివరకు కూడా ముక్కు దగ్గర పెట్టి చూస్తే తెలిసే తేడా కొంచెం ఉండొచ్చు. మాట్లాడుకునే దూరంలో తెలియకపోతే అది మంచి పనే.

రెండు పళ్లకూ క్యాప్ వేస్తే, మీ డాక్టరు అన్నట్టు, రెండూ ఒక్కలా వస్తాయి, ఆ మాట నిజం. దానికి నువ్వు ఇచ్చేది బతికున్న ఒక మంచి పన్ను. క్యాప్ కోసం చుట్టూ ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు, కింది అంచున రెండు మిల్లీమీటర్ల దాకా తీసేస్తారు. వినడానికి చిన్న లెక్క, కానీ ముందు పన్నే చిన్నది, బయటికి కనిపించే దానిలో సగానికి మించి పోతుంది. అలా తీసిన పళ్లలో కొన్నిటికి కొన్నేళ్ల తర్వాత లోపలి నరం చచ్చి రూట్ కెనాల్ అవసరమవుతుంది. ఒకసారి అరగదీశాక ఆ పన్ను ఇక జీవితాంతం ఏదో ఒక క్యాప్ కిందే ఉండాలి. క్యాప్ 10, 15 ఏళ్లు వస్తే బాగా వచ్చినట్టు. నీకు 26, అంటే మూడు నాలుగు సార్లు మార్చుకోవాలి, మార్చిన ప్రతిసారీ కొంచెం కొంచెం పోతుంది. పక్క పన్నుకు ఏదో చేయక తప్పదనిపిస్తే వెనీర్ అడుగు. ముందువైపు మాత్రమే అర మిల్లీమీటరు దాకా తీసి గోరంత మందం పింగాణీ రేకు అతికిస్తారు. క్యాప్‌తో పోలిస్తే నష్టం చాలా తక్కువ.

ఆరు పళ్ల ప్యాకేజీలో ఇదే లెక్కను నాలుగు మంచి పళ్లకు, మూల విరిగినదాన్ని కలిపితే ఐదింటికి, వేసి చూసుకో. పది రోజుల్లో పూర్తి అన్నారంటే రూట్ కెనాల్ బాగుందో లేదో చూడ్డానికీ, చిగుళ్లు కుదురుకోవడానికీ సమయం ఎక్కడుంది? ఆరూ విడివిడిగా చేస్తారా, కలిపి ఒకటే ముక్కగా చేస్తారా అని కూడా అడగలేదు నువ్వు. కలిపి చేస్తే పళ్ల సందులు శుభ్రం చేసే దారం మధ్యలో పోదు, పాచి అక్కడే ఉండిపోతుంది, చిగుళ్లు ఎర్రబడి రక్తం కారుతాయి, నోరు వాసన వస్తుంది. పళ్లన్నీ దెబ్బతిన్నవాళ్లకు, చిన్నప్పటి నుంచి ఎనామిల్ సరిగా రానివాళ్లకు ఆ పని వరమే, నేనే చేశాను, వాళ్ల ముఖాలు వెలిగిపోవడం చూశాను. నీది ఒక్క పన్ను. నెలాఖరు లోపు కడితే 18 వేలు తగ్గింపు అనడం నాకు అస్సలు నచ్చలేదు. చీర కొనేటప్పుడు ఆ తొందర సరే, పన్ను కోసేటప్పుడు కాదు. దీని కోసం మీ అమ్మ గొలుసు కుదువ పెట్టనివ్వకు.

ఐదు వారాల్లో ఏమవుతుందో కూడా చెప్పాలి. ముందు ఎక్స్‌రే, పళ్లు క్లీనింగు. అంచున చిగురు ఎర్రగా, తాకితే రక్తం వచ్చేలా ఉంటే అది తగ్గడానికి రెండు మూడు వారాలు ఆగాలి. వాచిన చిగురుకు కొలత తీస్తే వాపు తగ్గాక అంచు మళ్లీ బయటపడుతుంది. ఇంట్లో ఎవరిదైనా చూసి నువ్వు కూడా గుడాకు (పళ్లకు రాసే పొగాకు ముద్ద) రాసుకునే అలవాటు ఉంటే ఈరోజే మానెయ్. మిగతా పళ్లను కొంచెం తెల్లబరచుకోవాలని ఉంటే అది క్యాప్‌కు ముందే అవ్వాలి, ఎందుకంటే క్యాప్ రంగు ఏ మందుకూ మారదు, పైగా తెల్లబరిచాక రెండు వారాలు ఆగి అప్పుడు రంగు చూడాలి. ఆ తర్వాత పాత క్యాప్ కోసి తీయడం, తాత్కాలిక క్యాప్, కొలతలు, ల్యాబ్, ట్రయల్. అంతా సాఫీగా జరిగితే ఐదారు వారాలు, రూట్ కెనాల్ మళ్లీ చేయాలంటే ఇంకా ఎక్కువ.

అంటే వాళ్లు వచ్చే రోజుకు పని సగంలో ఉండే అవకాశమే ఎక్కువ. అప్పుడు నోట్లో తాత్కాలిక క్యాప్ ఉంటుంది. చక్కగా చేసిన తాత్కాలిక క్యాప్ నీ ఇప్పటి క్యాప్ కంటే బాగానే ఉండొచ్చు, కాకపోతే ఊడిపోతుందేమోనని ఆ పూటంతా నీకు భయంగా ఉంటుంది. అలా వద్దనుకుంటే పాతదాన్ని కదపకుండా, నల్లగీత చిగురు బయటే ఉంటే దాని మీద పంటి రంగు కాంపోజిట్ పూత వేయించుకోవచ్చు. కొన్ని నెలలు నిలుస్తుంది, పెద్ద ఖర్చు కాదు. లేదా ఏమీ చేయించుకోకుండా ఇప్పుడున్నట్టే వాళ్ల ముందు కూర్చోవచ్చు. మూడూ సరైనవే. తేదీ కోసం తొందరపడి శాశ్వతమైన క్యాప్ అతికించేసుకోవడం ఒక్కటే నేను వద్దనేది.

చెప్పాలా వద్దా అన్నది పంటి ప్రశ్న కాదు, కానీ అడిగావు కాబట్టి చెబుతాను. చిన్నప్పుడు దెబ్బ తగిలి రూట్ కెనాల్ అయిన పన్ను రోగం కాదు, పిల్లలకు రాదు, చట్టం ప్రకారమో ధర్మం ప్రకారమో ముందే ప్రకటించాల్సిన విషయమూ కాదు. చెప్పకపోయినా నువ్వు మోసం చేసినట్టు కాదు. కానీ రేపు ఎప్పుడో మేనత్తల మాటల్లో 'కట్టుడు పన్ను దాచారు' అని పుడితే, నువ్వు మళ్లీ చున్నీ అడ్డం పెట్టుకుంటావేమోనని నా భయం. అబ్బాయితో నువ్వు విడిగా మాట్లాడే ఆ పది నిమిషాల్లో బోరింగు పిడి కథ నువ్వే చెప్పేయొచ్చు, నవ్వుతూనే చెప్పొచ్చు. అతను ఎలా వింటాడో చూడ్డం నీకూ పనికొస్తుంది. పెద్దవాళ్ల ముందు మీ అమ్మతో చెప్పించడం మాత్రం నాకు ఇష్టం లేదు, ఆవిడ క్షమాపణ అడిగినట్టు చెబుతుంది.

ఎక్కడ చేయించుకోవాలంటే, ఊరు పెద్దదా చిన్నదా అని చూడకు. ఆ డాక్టరు ఇంతకు ముందు ఒక్క ముందు పన్నుకే చేసిన క్యాప్‌ల ఫోటోలు, పేర్లు లేకుండా, చూపించమను. ఆరు పళ్ల ఫోటోలు నీకు పనికిరావు. మీ వైపు డాక్టర్లు చాలామంది కొలతలు విశాఖ ల్యాబ్‌లకు కొరియర్‌లో పంపిస్తారు, అంటే పన్ను చేసే మనిషి నీ పన్నును చూడనే చూడడు. మీ డాక్టరు షేడ్ పట్టీని నీ పంటి పక్కనే ఆనించి పగటి వెలుతురులో ఫోటోలు తీసి పంపిస్తారా అని అడుగు. ఇంకా మంచిది, గుణుపురం నుంచి విశాఖకు రైలుంది కదా, ఒక్క రోజు వెళ్లి ల్యాబ్‌లో టెక్నీషియన్‌నే రంగు చూడనివ్వమను. ఆ రోజు లిప్‌స్టిక్ వద్దు, ముదురు రంగు బట్టలు వద్దు, రంగు చూడ్డం అన్నిటికంటే ముందు జరగాలి, ఎందుకంటే నోరు తెరిచి కాసేపు కూర్చుంటే పన్ను ఆరిపోయి ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తుంది. డబ్బు మరీ ఇబ్బందైతే శ్రీకాకుళం, విశాఖ వైపు డెంటల్ కాలేజీలున్నాయి. అక్కడ క్యాప్‌లు కట్టే విభాగంలో పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల కింద చేస్తారు, ఖర్చు తక్కువ, తిరగడం ఎక్కువ. కటక్‌లో ఎస్‌సీబీ డెంటల్ కాలేజీ కూడా ఉంది కానీ నీకు అంత దూరం అన్నిసార్లు కష్టం.

క్యాప్ వచ్చిన రోజు సిమెంట్ పెట్టి అతికించే ముందు దాన్ని ఊరికే పంటి మీద నిలబెట్టి చూపిస్తారు. అప్పుడు కుర్చీలోంచి లేచి, అద్దం పట్టుకుని, క్లినిక్ గుమ్మం దాకా వచ్చి ఎండ వెలుతురులో చూసుకో. మాట్లాడు, నవ్వు, 'ఫ' అక్షరం పలుకు, ఒక ఫోటో తీయించుకుని మీ అమ్మకు పంపు. ట్యూబ్‌లైటు కింద కలిసిన రంగు ఎండలో కలవకపోవచ్చు. నచ్చకపోతే మొహమాటం లేకుండా చెప్పు, ఆ నిమిషం దాకా దాన్ని వెనక్కి పంపడం తేలిక, అతికించాక మళ్లీ కోయడమే. వారంటీ కార్డు ఇస్తే దాచుకో. అది క్యాప్‌కే గానీ లోపలి పంటికి కాదని గుర్తుంచుకో. అతికించాక చెరకు పళ్లతో చీల్చడం, దారం కొరకడం, సోడా మూత తీయడం ఆ పంటితో వద్దు. రాత్రి నిద్రలో పళ్లు కొరికే అలవాటు ఉందేమో ఇంట్లో అడుగు, ఉంటే డాక్టరుకు ముందే చెప్పు.

ఈ వారంలో ఎక్స్‌రే ఒక్కటి తీయించుకో, విశాఖ వాళ్లకు అడ్వాన్స్ కట్టకు. వేరు చివర ఎలా ఉందన్నారో, లోపల పోస్ట్ ఉందో లేదో మళ్లీ రాయి. ఆ వీడియోలో ఏం కనిపించిందో కూడా రాయి.